గత్తర వరస

దస్తగిరికి ఒకటే కోరిక. గురువుగారి చేత ఒక్కసారి "భేష్" అనిపించుకోవాలి. ఎన్నాళ్లుగా ఆ ఫకీరు అమీన్ షా వెంట తిరుగుతున్నా ఆ మాట మాత్రం ఆయన నోటి నుంచి ఊడిపడలేదు.

పోయినవాళ్లని తలుచుకునే షబే బరాత్ పండగ నాటి సాయంత్రం అమీన్ షా గారే అడిగారు. "మన మున్సిపాలిటీ ఖబరస్థాన్ సంగతులు నీకు కొట్టిన పిండేనటగా. పద, చూపిద్దువుగాని."

ఇక చూడండి మనవాడి సంబరం! కాలు నేల మీద నిలవలేదు. ఆ రోజు సమాధుల మీద నీళ్లు చల్లడం ఆనవాయితీ కదా, నీళ్ల కుండ పెద్దాయనే మోసుకొస్తున్నారు. దాన్ని అందుకోవాలన్న ధ్యాసే లేదు శిష్యుడికి.

గేటు దగ్గరే మొదలుపెట్టాడు. ఇదంతా ఒకప్పుడు జాగీర్దారు గారి మామిడితోట. ఊళ్లో చోటు చాలక మున్సిపాలిటీ తీసుకుని ప్రహరీ కట్టించింది. ఎదురుగా ఆ గుమ్మటం జాగీర్దారుది. కుడివైపు పాలరాతి పలకలు తోళ్ల వ్యాపారులవి. ఎడమవైపు ఖాజీలు. బావి దాటితే అత్తరు సాయిబులు. ఎవరి తలాపున ఎవరున్నారో, ఎవరికెవరు మేనమామో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. గురువుగారు ఊ కొడుతూ విన్నారు.

వెనక ప్రహరీ వారగా గడ్డి మొలిచిన మట్టి దిబ్బలున్నాయి. అక్కడికి రాగానే దస్తగిరి నడక వేగం పెంచాడు.

"ఇదేమిటి నాయనా?"

"ఇదా హజరత్, గత్తర వరస. ఊళ్లో కలరా తగిలిన ఏడు పోయినవాళ్లని గబగబా ఇక్కడ పెట్టేశారు. చెప్పుకోదగ్గవాళ్లెవరూ లేరు లెండి."

అమీన్ షా ఆ దిబ్బల దగ్గరే ఆగారు.

"మీ అమ్మ కూడా గత్తరకే పోయిందన్నావు కదూ?"

దస్తగిరి వెనక్కి తిరిగాడు. "అవును హజరత్."

"ఏదీ ఆమె?"

అతని చెయ్యి లేచింది. ఒక దిబ్బ వైపు చూపి, పక్క దిబ్బ వైపు తిరిగి, కిందికి జారిపోయింది. నాన్న ఆమె తలాపున సబ్జా మొక్క నాటి, "రోజూ నీళ్లు పొయ్యరా" అని ఎంతగానో చెప్పాడు. కొన్నాళ్లు పోశాడు. ఆ తర్వాత ఆటలు, చదువు, ఈ గొప్పలు. మొక్క ఎండిపోయింది, గుర్తూ పోయింది. దూదేకి పరుపులు కుట్టిన అమ్మ గురించి ఎవరికి చెప్పుకుంటాంలే అనుకున్నాడు. జాగీర్దారు మునిమనవరాలి సమాధి సైతం తెలుసు తనకి. ఛీ, ఏం బతుకు! సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"తెలీదు హజరత్," అన్నాడు. ఆ మాట అతనికే సరిగా వినపడలేదు.

గురువుగారు కోప్పడలేదు. చెప్పులు విడిచి పక్కన పెట్టారు. ఇంతదూరం మోసుకొచ్చిన కుండని అతని చేతుల్లో పెట్టారు.

"అన్నిటికీ పొయ్యి నాయనా. వీటిలోనే ఎక్కడో ఉంది. నీళ్లు చాలకపోతే, బావి ఎక్కడుందో నీకు తెలుసుగా."