రెండు జడలు, ఒక్క మామిడికాయ

అనగనగా, గట్టిగా గాలేస్తే కోళ్ళు ఎగిరి పక్కూళ్ళో పడే ఒక ఊళ్ళో, బుల్లెమ్మ అనే పిల్ల ఉండేది బుజ్జులూ. అది పరిగెడితే దాని నీడ వెనకాల రొప్పుకుంటూ వచ్చేది.

దాని అక్క వరహాలు పురిటికి పుట్టింటికొచ్చింది. అక్కకి పుల్లమామిడికాయ మీద మనసు పోయింది. కాయల రోజులు అయిపోయి, పెరట్లో చెట్టు చిటారున ఒకే ఒక్క కాయ మిగిలింది. ఆ చెట్టుని చూసి మేఘాలే పక్కకి తప్పుకునేవి. దోటి అందదు. ఎక్కుదామంటే కొమ్మలనిండా ఎర్రచీమల గూళ్ళు.

"చూలాలి కోరిక తీరకపోతే పుట్టే బిడ్డకి చెవిలో చీము కారుద్దే" అని నాయనమ్మ పొద్దస్తమానం అదే పాట. అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పైగా ఒక చిలక ఆ కాయ చుట్టూ తిరగడం మొదలెట్టింది.

అప్పుడు బుల్లెమ్మ పంగలకర్ర చేసింది. మట్టి ఉండ కాయకి తగిలితే పచ్చడే. అందుకని కాయ వేలాడే ముచ్చికని కొట్టాలి. వేపపంగ ఒకవైపు లావు, ఒకవైపు సన్నం. లాగితే సన్నది వంగింది. ఉండ పోయి గేదె కొమ్ముకి తగిలింది. ఆ పూట గేదె పాలకి బదులు మజ్జిగే ఇచ్చింది.

ఆ తర్వాత జామపంగ కోసింది. రెండు కొమ్మలూ కవలల్లా ఉన్నాయి. కానీ ఒకవైపు సైకిల్ ట్యూబు రబ్బరు, ఇంకోవైపు లారీ ట్యూబుది. లారీది తనవైపే లాక్కుంది. ఉండ పోయి నాయనమ్మ గోంగూర కుండకి చిల్లు పెట్టింది.

"కాయ కొట్టమంటే కుండ కొట్టావేమే?"

"అదీ పులుపేగా నాయనమ్మా."

ఆ తర్వాత రెండు రబ్బర్లూ ఒకే ట్యూబులోంచి కోసింది. అయినా ఉండ వంకరగానే పోయింది. చిలక పొట్ట పట్టుకుని నవ్వింది.

బుల్లెమ్మ మూతి ముడుచుకుని, చెట్టుకింద అక్క ముందు కూర్చుంది. అక్క దానికి రెండు జడలు వేస్తోంది.

"తల తిప్పకే. ఒక జడ పైన, ఒకటి కింద కడితే మెడ ఓ పక్కకి వాలిపోద్ది."

బుల్లెమ్మ సగం జడతోనే లేచింది. పంగలకర్ర తీసి చూసుకుంది. ఒక రబ్బరు కొమ్మ కొసకి కట్టుంది, రెండోది వేలెడు కిందకి. విప్పి, రెండూ ఒకే ఎత్తున పెట్టి, జడ రిబ్బను చింపి బిగించింది. ఉండ పెట్టే తోలుముక్కని సరిగ్గా నడిమికి జరిపింది.

అప్పటికే చిలక కాయ మీదకి ముక్కు వంచింది. బుల్లెమ్మ ఊపిరి బిగబట్టి, చెంపదాకా లాగి వదిలింది. ముచ్చిక తెగింది. చిలక గాలిని కొరికింది. కాయ వచ్చి అక్క చాపిన కొంగులో పడింది.

అక్క ఉప్పూకారం అద్దుకుని టెంకతో సహా తినేసింది. ఆ తర్వాత మీ శేషు మావయ్య పుట్టాడు. వాడి చెవులకేం, మన వంటింట్లో నేను బెల్లం డబ్బా మూత తీస్తే, వాళ్ళూరినించే "పిన్నీ, నాకో ముక్క" అంటాడు.

ఆ చెట్టు లేదిప్పుడు. అక్కా లేదు. తల దువ్వుకునేటప్పుడు మాత్రం, తిప్పకే అన్నట్టుంటుంది వెనకనించి.

ఉండ పోయె ముచ్చిక్కి, కాయ జారె కొంగుకి,
చిలక పోయె గూటికి, కథ పోయె కంచికి,
కళ్ళు మూస్తే నువ్వూ నేనూ అక్క ఉన్న ఇంటికి.