మంత్రికి కనబడిన గాడిద చెవులు

మనిషో చెట్టో లేకపోతే అది బొమ్మే కాదనే రాజ్యంలో, చిత్రకారుడు కూర్మన్న ఒట్టి రంగులూ గీతలతోనే ఒక బొమ్మ వేశాడు. దానికి పటం కట్టిన పైడమ్మ, అతనితో కలిసి దాన్ని రాజుగారి కొలువుకు తెచ్చింది.

చూడగానే మంత్రి మండిపడ్డాడు. "మహారాజా! ఈ గుండ్రం తమరి తల. పైనున్న గీతలు గాడిద చెవులు! వీడి చేతులు నరికించండి!"

రాజు కళ్ళు ఎర్రబడ్డాయి.

"నాకు రంగులే కనబడుతున్నాయి దొరా," అంది పైడమ్మ. "తమరి తలమీద గాడిద చెవులు ఎవరెవరికి కనబడుతున్నాయో చేతులెత్తమనండి."

సభలో ఒక్క చెయ్యీ లేవలేదు. రాజు మంత్రివైపు తిరిగాడు.

మంత్రి రెండు చేతులూ వెనక్కి దాచుకుని, "చెవులా? కిరీటం మహారాజా, కిరీటం!" అన్నాడు.

రాజు మురిసిపోయాడు. "కాదండీ, అవి ఒట్టి గీతలే" అనబోయిన కూర్మన్న కాలు పైడమ్మ గట్టిగా తొక్కింది.