వదిలేసిన బంతి

మొదటి మ్యాచ్‌లో మా జట్టు కొట్టిన గోల్స్‌లో ఒకటి తప్ప అన్నీ జయవర్ధన్‌వే. అయినా ఖైసర్ ఉస్తాద్ వచ్చి వాడి గుర్రాన్ని పట్టుకోలేదు. వాడి బాధంతా అదే.

ఉస్తాద్‌కి ఒక అలవాటుంది. ఆట అయ్యాక ఎవరి గుర్రాన్ని వాళ్లే చెమట ఆరేదాకా నడిపించాలి. పక్కన పనివాళ్లు ఎంతమంది ఉన్నా సరే, మనమే తిప్పాలి. కానీ ఎవరైనా తన మనసుకు నచ్చేలా ఆడితే, ఆయనే ఎదురొచ్చి పగ్గాలు అందుకుంటాడు. "నువ్వు కూర్చో" అంటాడు. ఆ గుర్రాన్ని తనే తిప్పుతాడు. అంతే. భుజం తట్టడాలూ, శభాష్‌లూ ఆయన దగ్గర దొరకవు. హైదరాబాద్‌లో ఆయన దగ్గర పోలో నేర్చుకున్న మాకు ఆ రెండు మాటలు కప్పుకంటే ఎక్కువ.

ఆ రోజు ఆయన నా గుర్రాన్ని పట్టుకున్నాడు. నేనేమో ఒక్క గోల్ కూడా కొట్టలేదు.

"ఏం చేశావురా భీమూ?" అన్నాడు వర్ధన్, తన గుర్రాన్ని నడిపించుకుంటూ నా ముందుకొచ్చి.

"నాకేం తెలుసు? నీ వెనకాల పరిగెత్తాను."

"పదిహేనేళ్లుగా ఆయన దగ్గర ఉన్నాను. నా గుర్రాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. నాకు చెయ్యడం రావట్లేదా, ఆయనకి చూడ్డం రావట్లేదా?"

పెద్దాయన గురించి ఆ మాట అన్నందుకు ఒళ్లు మండింది గానీ, వాడి మొహం చూస్తే జాలి కూడా వేసింది.

అవి ప్రపంచ పోలో పోటీలు. అర్జెంటీనాలో, ఆకాశం తప్ప ఏమీ అడ్డులేని పచ్చిక మైదానంలో. జట్టుకి నలుగురం. వర్ధన్ కెప్టెన్, మధ్యలో ఉండి ఆట నడిపేవాడు. నేను అందరికంటే వెనకుండి మా గోల్ కాపాడేవాణ్ణి. ఉస్తాద్ మా కోచ్. మా జట్టు ఎప్పుడూ మొదటి దశ దాటలేదు. ఈసారి దాటకపోతే మళ్లీ గుర్రం ఎక్కనని వర్ధన్ విమానాశ్రయంలోనే ఒట్టేశాడు. వాడు ఉత్తుత్తి ఒట్లు వేసే మనిషి కాదు.

ఈ పోటీల్లో ఎవరి గుర్రాలు వాళ్లు తెచ్చుకోరు. అక్కడివాళ్లే ఇస్తారు. చీటీలు తీస్తారు, ఏ మంద వస్తే ఆ మంద మనది. అందులో ఏ గుర్రం ఎవరికో కెప్టెన్ పంచుతాడు. మాకొచ్చిన వాటిలో బూడిదరంగు గుర్రమొకటి నిప్పురవ్వలా ఉండేది. దాన్ని వర్ధన్ తనకే ఉంచుకున్నాడు. చెవి చిరిగిన గోధుమరంగు ఆడగుర్రాన్ని నాకు అంటగట్టాడు.

దాని సంగతి ఎక్కగానే తెలిసింది. బంతి కొట్టడానికి స్టిక్ ఎత్తామా, తల విదిలించి పక్కకి గెంతేది. వెనకటికి ఎవడో దాని చెవి మీద కొట్టి ఉంటాడు. చేతిలో ఏది ఎత్తినా సహించదు కాబట్టి దానికి అత్తగారు అని పేరు పెట్టాను.

రెండో మ్యాచ్‌లో ఓడిపోయాం.

ఎలా ఓడామో చెప్తాను. పోలోలో ఒక పిలుపుంది. ముందున్న మనవాడి కంటే వెనకున్న మనకి బంతి బాగా అందేలా ఉంటే, "వదిలెయ్!" అని అరుస్తాం. అప్పుడు ముందున్నవాడు బంతిని ముట్టుకోకూడదు. దాన్ని దాటిపోయి, ఎదుటి జట్టులో అడ్డొచ్చేవాడి పక్కన చేరి, గుర్రం భుజంతో గుర్రం భుజాన్ని తోసి వాణ్ణి దారిలోంచి తప్పించాలి. కొట్టడం వెనకవాడి పని.

నేను ఆ రోజు గొంతు చించుకున్నాను. "వదిలెయ్ వర్ధన్! వదిలెయ్!"

వదల్లేదు. ఇద్దరు వాణ్ణి ఒకడి తర్వాత ఒకడు నెడుతుంటే, ఆ తోపులాటలోనే స్టిక్ ఊపాడు. బంతి కదల్లేదు. ఎదుటివాళ్లు దాన్ని తీసుకుపోయి మా గోల్‌లో వేశారు. మొదటి మ్యాచ్ చూసినవాళ్లందరికీ ఒక్క సంగతి అర్థమైపోయింది: వర్ధన్‌ని పట్టుకుంటే చాలు, మిగతా ముగ్గురూ మైదానంలో ఉన్నా లేనట్టే.

మిగిలింది ఒక్క మ్యాచ్. గెలిస్తే సెమీ ఫైనల్. ఓడితే ఇంటికి. వర్ధన్‌కైతే ఇంటికి కూడా కాదు, జీను అటక మీదికి.

మధ్యలో ఒకరోజు ఖాళీ దొరికింది. పొద్దున్నే సాధనకి దిగాం. వర్ధన్ మూతి ముడుచుకుని ఉస్తాద్ దగ్గరికి వెళ్లాడు.

"ఉస్తాద్, నన్ను ఇద్దరిద్దరు పట్టుకుంటున్నారు. బంతి దగ్గరికే పోనివ్వట్లేదు. ఏం చెయ్యాలో చెప్పండి. ఏం చెప్పినా చేస్తాను. రాత్రంతా ఆడమన్నా ఆడతాను."

ఉస్తాద్ వాడి చేతిలోంచి స్టిక్ తీసుకుని, దాన్ని చేతికర్రలా నేలకి ఆనించి నిలబడ్డాడు.

"భీమూ గుర్రాన్ని ఎక్కు బేటా."

"అత్తగారినా?" అన్నాను నేను, నోరూరుకోక.

"స్టిక్ లేకుండా నేనేం ఆడను ఉస్తాద్?" అన్నాడు వర్ధన్.

"అదే చూద్దాం."

పక్క దేశపు జట్టొకటి మాతో సాధన ఆటకి ఒప్పుకుంది. వర్ధన్ వట్టి చేతులతో దిగాడు. మొదట్లో పెళ్లిలో తప్పిపోయిన చుట్టంలా అటూ ఇటూ తిరిగాడు. బంతి పక్కనుంచే పోతుంటే కుడిచెయ్యి దానంతటదే లేచి, ఖాళీగా దిగేది. ఎదుటి జట్టువాళ్లకి నవ్వొచ్చింది. నాక్కూడా వచ్చింది, కాదనను.

తర్వాత వాడికి కోపమొచ్చింది. ఆ కోపంలో పోయి ఒకణ్ణి భుజంతో గుద్దాడు. అప్పుడు చూశాను అత్తగారిని. నెత్తి మీద కర్ర లేకపోయేసరికి అది వేరే గుర్రం. చెవులు వెనక్కి పెట్టి, భుజం ఆనించి, ఎదుటి గుర్రాన్ని అలా నెట్టుకుంటూ పోయింది. అదంతా తన పనేనన్నట్టు పోయింది. ఆ ఖాళీలోంచి మావాళ్లు రెండు గోల్స్ కొట్టారు.

వర్ధన్ దిగగానే ఉస్తాద్ అడిగాడు: "చివరి బంతి ఎక్కడికి పోయింది?"

"ఎడమ స్తంభానికి రెండు గజాల లోపల్నుంచి పోయింది ఉస్తాద్. నేనైతే ఇంకా నేరుగా కొట్టేవాణ్ణి."

"మళ్లీ ఎక్కు," అన్నాడు ఉస్తాద్.

మళ్లీ ఎక్కాడు. దిగాడు. మళ్లీ అదే ప్రశ్న. వర్ధన్ మళ్లీ చక్కగా చెప్పాడు, బంతి ఏ గడ్డిపోచ మీద ఎగిరిందో కూడా చెప్పాడు. ఉస్తాద్ మళ్లీ ఎక్కించాడు. ఎండ నెత్తికెక్కేదాకా ఇదే తంతు. చివరికి గుర్రానికి విశ్రాంతి కావాలని ఉస్తాదే ఆపాడు. స్టిక్ వాడి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

వర్ధన్ అత్తగారిని నడిపిస్తుంటే పక్కనే నడిచాను.

"ఆయన నన్ను వెక్కిరిస్తున్నాడురా," అన్నాడు. "రేపు ఓడితే ఆయనకేం? నా బతుకంతా ఇదే."

"ఆయన బతుకు మాత్రం వేరే ఏముందిరా? మనమేగా," అన్నాను.

మర్నాడు మ్యాచ్ చివరి చుక్కర్ దాకా సమానంగా వచ్చింది. చుక్కర్ అంటే ఏడు నిమిషాల ఆట. ఒక్కోదానికి గుర్రాన్ని మారుస్తాం. వర్ధన్ చివరి చుక్కర్ కోసం దాచుకున్న బూడిద గుర్రం, గంట కొట్టేముందు నడిపించి చూస్తే ముందుకాలు కుంటింది. నేనెక్కాల్సిన అత్తగారు తప్ప ఊపిరున్న గుర్రం ఇంకొకటి లేదు. నేను అంతకుముందు దిగిన గుర్రాన్నే మళ్లీ ఎక్కడానికి సిద్ధపడ్డాను. అది ఇంకా రొప్పుతూనే ఉంది.

"అత్తగారు నీకే," అన్నాను.

వర్ధన్ ఉస్తాద్ వైపు చూశాడు. ఆయన ఆకాశంలోకి చూస్తున్నాడు. వర్ధన్ పళ్లు బిగించి ఎక్కాడు.

మొదటి బంతికే స్టిక్ ఎత్తాడు. అత్తగారు పక్కకి గెంతింది. వాడు పడబోయి నిలదొక్కుకున్నాడు. రెండోసారీ అంతే. మైదానం చుట్టూ జనం అయ్యో అన్నారు. ఆ తర్వాత వాడి స్టిక్ కిందికి దిగింది. మళ్లీ లేవలేదు. వాడు మైదానమంతా తిరుగుతున్నాడు, ఒకణ్ణి నెడుతున్నాడు, ఇంకొకణ్ణి ఆపుతున్నాడు. వాణ్ణి పట్టుకోవడానికి వచ్చిన ఇద్దరూ వాడికే పట్టుబడ్డారు.

ఇక నిమిషం కూడా లేదు. బంతి వాళ్ల గోల్ వైపు దొర్లుతోంది. దాని వెంట వర్ధన్, వాడి వెనక నేను. ఎదురుగా వాళ్ల గోల్ కాసేవాడు అడ్డంగా వస్తున్నాడు. కొండలాంటి మనిషి.

"వదిలెయ్!" అని అరిచాను.

అరిచానే గానీ ఆశ లేదు. పదిహేనేళ్లుగా అరుస్తున్నాను.

వర్ధన్ బంతి మీంచి దాటిపోయాడు. కిందికి చూడను కూడా లేదు. స్టిక్ గుర్రం కాలి పక్కన వేలాడుతోంది. తల ఎత్తి ఆ కొండలాంటి మనిషి మీదికే పోయాడు. అత్తగారు భుజం ఆనించింది. రెండు గుర్రాలూ అతుక్కుపోయి, పక్కకి, ఇంకా పక్కకి, మైదానం అంచు దాకా పోయాయి.

నా ముందు బంతి, గోల్, మధ్యలో పచ్చగడ్డి. ఇంకెవరూ లేరు. కొట్టాను.

గోల్ వెనక జెండా ఊగింది. గంట మోగింది. మావాళ్లు నా మీదికి దూకారు. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు నవ్వుతున్నారో తెలీలేదు. నేనైతే ఏడ్చాను.

కాసేపటికి వర్ధన్ మైదానం అవతలి అంచునుంచి అత్తగారిని నడిపించుకుంటూ వచ్చాడు. మోకాలు దోక్కుపోయింది. గుర్రం చెమటతో నల్లబడింది. ఉస్తాద్ ఎదురెళ్లాడు.

"బంతి ఎక్కడికి పోయింది బేటా?"

వర్ధన్ వెనక్కి తిరిగి గోల్ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"చూడలేదు ఉస్తాద్," అన్నాడు. "గోలయిందా?"

ఉస్తాద్ చెయ్యి చాపి పగ్గాలు అందుకున్నాడు.

"నువ్వు కూర్చో," అన్నాడు.