దేవుడైపోయిన సింహం

ఊఁ కొడుతూ వినాలర్రా, మధ్యలో నిద్రపోతే చెప్పను! అనగనగా ఒక అడవి. ఎండాకాలం వస్తే అక్కడ ఒక్కటే మడుగు మిగిలేది. ముందు పిల్లతల్లులు తాగాలి, అందరికన్నా చివర రాజు తాగాలి. అది ఆ అడవి ఆచారం.

కొత్తగా రాజైన సింహానికి ఇది తలకొట్టేసినట్టుగా ఉంది. తలకిందులుగా వేలాడుతూ, తపస్సు చేస్తున్నానని చెప్పుకునే గబ్బిలాన్ని పిలిపించింది.

"స్వామీ, మడుగంతా నాదే కావాలి. ఎందుకని నన్నెవరూ అడక్కూడదు. ఏం చెయ్యమంటారు?"

"రాజునైతే అడుగుతారు మహారాజా. దేవుణ్ణి ఎవరడుగుతారు? మడుగు పక్కనున్న అత్తిచెట్టు నాకిచ్చెయ్యండి, మిగతాది నేను చూసుకుంటాను," అంది గబ్బిలం.

మర్నాడే చాటింపు. సింహం సాక్షాత్తూ దేవుడట! మడుగు దేవుడిదట! ముట్టుకుంటే కళ్ళు పోతాయట! ఎందుకని అడక్కూడదట! పాపం, జంతువులన్నీ నమ్మేశాయి. సింహం మెడలో పూలదండ వేసుకుని మడుగు గట్టున ఒక బండ మీద కూర్చుంది.

ఆ ఎండకి ఒక లేడిపిల్ల సొమ్మసిల్లి పడిపోయింది. తల్లిలేడి పరుగెత్తుకొచ్చి బండ ముందు సాగిలపడింది. "స్వామీ! నా బిడ్డ ప్రాణం పోతోంది. ఒక్క గుక్క తాగనివ్వండి!"

సింహం నవ్వి ఊరుకుంది.

లేడి పక్కనే అత్తిచెట్టుకి వేలాడుతున్న గబ్బిలం వైపు తిరిగింది. "గబ్బిలంగారూ, దేవుడికి దాహం వేస్తుందా?" అని అడిగింది.

"దాహమా! దేవుడికా! ఎంత అపచారం! ఆకలిదప్పులు మనలాంటివాళ్ళకే," అంది గబ్బిలం, రెక్కలతో లెంపలేసుకుంటూ.

"మరైతే ఈ నీళ్ళు ఆయనకెందుకండీ? మా కోసమే ఉంచాడన్నమాట!"

లేడి తన పిల్లని మూతితో నెట్టుకుంటూ తీసుకొచ్చి తాగించింది. కళ్ళు పోలేదు సరికదా, పిల్ల చెంగున లేచింది. ఇంకేం, అందరూ బిలబిలమంటూ మడుగులోకి దిగారు.

గబ్బిలం నోరు వెళ్ళబెట్టింది. సింహం గర్జించబోయి ఆగిపోయింది. దాహమే వెయ్యని దేవుడు కదా మరి! కాసేపు మీసం దువ్వుకుంటూ బింకంగా కూర్చుంది. చుట్టూ ఎవరో ఒకరు చూస్తూనే ఉన్నారు, తాగే వీల్లేదు. మధ్యాహ్నానికి నాలుక పిడచకట్టుకుపోయింది. సాయంత్రం మళ్ళీ అందరూ నీళ్ళకి చేరేసరికి ఇక ఉండబట్టలేక దండ తెంపి పారేసింది.

"దేవుణ్ణీ కాదు, గీవుణ్ణీ కాదు! నాకు దాహంగా ఉంది, జరగండి!" అంటూ దూకింది.

లేడి అడ్డంగా నిలబడింది. వెనక అడవిదున్నలు వచ్చి నిలబడ్డాయి.

"తాగుదురుగాని మహారాజా. రాజే కదా మీరు, ఇప్పుడు అడగొచ్చు కదా? నా బిడ్డ గొంతెండి చస్తుంటే మీకు నవ్వెలా వచ్చింది?"

సింహం వెనక్కి తగ్గింది. తల దించుకుని, అందరూ తాగేదాకా అలాగే నిలబడింది.

నీతి: దేవుడి పేరు చెప్పి ఎంత తప్పించుకోవాలని చూసినా, రాజన్నవాడు జనానికి జవాబు చెప్పి తీరాలి.