రాణిగారి వీపు

బోసినోటి కోటకి ఆ పేరు ఊరికే రాలేదు. బురుజులన్నీ రాలిపోయి, ప్రహరీ మీద అక్కడొకటి ఇక్కడొకటి రాయి మిగిలి, దూరం నుంచి చూస్తే కొండ నోరు తెరిచి ఆవలిస్తున్నట్టు ఉంటుంది. చుట్టూ సీతాఫలం పొదలు, కింద సన్నటి వాగు, మధ్యలో ఎవరికీ పట్టని రాళ్లగుట్టలు. ఎవరికీ పట్టనంత కాలం అక్కడ అందరూ సుఖంగానే ఉన్నారు. జంబూనాథం అనే నక్క వచ్చి దాన్ని 'చరిత్ర' అనడంతో కష్టాలు మొదలయ్యాయి.

పల్లెలో కోళ్లగూళ్ల దగ్గర కుక్కల బెడద ఎక్కువై, నోటితో బతికే పని ఇంకేదైనా ఉందా అని వెతుక్కుంటే జంబూనాథానికి టూరిస్టు గైడు పని కనపడింది. వెదురుకర్రకి నెమలీక కట్టి, అడవిలోవాళ్లనీ పల్లెలోవాళ్లనీ పోగేసి, రోజుకో జట్టుకి కోట చూపించేవాడు. కూలి, వాళ్లు తెచ్చుకున్న తిండిమూటల్లో సగం. టూరు ముగిసేదాకా కోళ్లని తినను అని మాట కూడా ఇచ్చాడు. "ముగిశాక?" అని ఒక కోడి అడిగితే, "ముగిశాక మీరు కాస్త త్వరగా ఇంటికెళ్లాలి తల్లీ" అని మర్యాదగా చెప్పాడు.

జంబూనాథానికి ఒక విద్య వచ్చు. ఎవరేం అడిగినా 'తెలీదు' అనడు.

"ఈ గోడలో రాళ్లెన్ని?" అందొక గొర్రె.

"మూడు లక్షల పన్నెండు వేల నాలుగు."

"ఆ నాలుగూ ఎక్కడున్నాయి?"

"పైవరసలో. కిందనుంచి కనపడవు."

గొర్రెలన్నీ తలలెత్తి, కనపడని ఆ నాలుగు రాళ్లనీ చూసి "ఆహా" అన్నాయి.

ఒకరోజు ఈ నెమలీక కర్ర తిన్నగా కాటుకమ్మ గుంట దగ్గరికి వచ్చి ఆగింది.

కాటుకమ్మ గేదె. కోట లోపల, కూలిన గోడ నీడన, ఊట నీళ్లు చేరే చోట పదకొండు వేసవులు పడుకుని, పొర్లి, కొమ్ముతో గీరి, గిట్టతో తోడి గుంట చేసుకుంది. అంతకుముందు వాళ్లమ్మ కూడా అక్కడే పొర్లింది. ఎండ నెత్తికెక్కగానే అందులో దిగడం, కళ్లు మాత్రం పైకి పెట్టి నెమరు వెయ్యడం. ఆమె కోరిందల్లా అంతే. అంతే అయినా, వేసవిలో గేదెకి అది లేకపోతే ప్రాణం లేనట్టే.

ఆ సాయంత్రం మేతకెళ్లి మర్నాడు తిరిగొచ్చేసరికి గుంట చుట్టూ తిప్పతీగ కట్టి ఉంది. పక్కనే పలక: 'రాణి మందారమాలాదేవి స్నానవాటిక. దిగరాదు. ముట్టరాదు. పొర్లరాదు.'

"ఏమయ్యా జంబూనాథం, నా గుంటకి దడి కట్టావేం?"

"నీ గుంటా?" అన్నాడు జంబూనాథం, వెనకున్న గొర్రెల వైపు జాలిగా చూసి. "విన్నారా? ఆరువందల ఏళ్ల చరిత్రలో బురదకాళ్లు పెట్టి, నా గుంట అంటోంది."

"ఆరువందల ఏళ్లేమిటి? ఆ మూల లోతు చేసింది నేను పోయినేడే."

"కాటుకమ్మా, చరిత్రలో మాట్లాడేవాళ్లు వేరు, అడ్డంగా పడుకునేవాళ్లు వేరు. పక్కకి జరుగు. వెనకవాళ్లకి కనపడటం లేదు."

కాటుకమ్మ జరగలేదు. తీగ మీదుగా ఒక కాలు నీళ్లలో పెట్టింది. "అయ్యయ్యో, చరిత్రలోకి దిగుతోంది!" అని గొర్రెలన్నీ ఒక్కసారి అరిచాయి. వాటిలో సగానికి ఆ గుంట ఆమెదేనని తెలుసు. నిన్నటిదాకా ఆమెని అడిగే నీళ్లు తాగాయి. కానీ పలక మీద రాసుంటే ఇంక గొర్రెలకి ఏం తోస్తుంది?

కాలు వెనక్కి తీసుకుంది కాటుకమ్మ.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోలు సంగతేమో గాని, మూడోరోజుకి కాటుకమ్మ వీపు పగిలింది. నల్లటి చర్మం మీద తెల్లటి బీటలు. వాగులో నీళ్లు గిట్ట కూడా తడపవు. ఇంకో వారం ఇలాగే పోతే తనని కూడా రాయనుకుని జంబూనాథం పక్కనో పలక పాతేస్తాడు.

దున్నపోతు మీద వాన కురిసినట్టు అంటారు గాని, ఆ సామెత పోతుల గురించి. గేదె మీద పడ్డ ప్రతి మాటా లోపలికే పోతుంది, నెమరులో మళ్లీ పైకొస్తుంది. కాటుకమ్మ ఆ రాత్రంతా జంబూనాథం మాటలనే నమిలింది. తెల్లారేసరికి అందులో పిప్పి ఏదో, రసం ఏదో తేలింది. లేచి, ఇంత పచ్చగడ్డి మూటకట్టుకుని, టూరు వరసలో చివర నిలబడింది.

"నువ్వెందుకు?" అన్నాడు జంబూనాథం అనుమానంగా.

"చరిత్ర తెలుసుకుందామని నాయనా. పదకొండేళ్లు దానిమీద పడుకున్నానే గాని, ఒక్కరోజూ చూడలేదు."

పచ్చగడ్డి మూట పెద్దది. నక్క గడ్డి తినదు, కానీ మేకలకిచ్చి మారుబేరం చేసుకోవచ్చు. రానిచ్చాడు.

ఆరోజు వరసలో మామూలు గొర్రెలతో పాటు ఒక జంట కొత్తగా వచ్చింది. పరాంకుశం అనే కోడిపుంజు, అతని భార్య మాణిక్యం. పరాంకుశం రిటైరైన హెడ్మాస్టరు. దారిలో ఏ పలక కనపడినా పైకి చదివి, భార్యకి అర్థం చెప్పేవాడు. "దిగరాదు అంటే దిగకూడదని."

"నాకూ చదువొచ్చండీ."

"వచ్చు. కానీ అర్థం?"

జంబూనాథం కర్ర ఊపాడు. "ఇది రాజా ప్రచండబాహువు కత్తి నూరిన రాయి. ఇది నూరాక చేతులు దులుపుకున్న చోటు. ఇక్కడ తుమ్మారు. ఆ తుమ్ముకి శత్రుసేన వాగు దాటి పారిపోయింది. ప్రభువు తుమ్మినప్పుడు 'చిరంజీవ' అన్నది ఎవరనుకున్నారు? మా ముత్తాతకి ముత్తాత. మా వంశం చెయ్యి పడకుండా ఈ కోటలో ఒక్క పనీ జరగలేదు."

"ఆహా" అన్నాయి గొర్రెలు.

కొండ అంచున పాడుపడ్డ గోడ దగ్గర అతని గొంతు గద్గదమైంది. "అమ్మలారా, ఇక్కడ కాస్త తలవంచండి. ప్రభువు యుద్ధంలో పోయారని కబురు రాగానే రాణి మందారమాలాదేవి ఇక్కడినుంచే దూకింది. తీరా చూస్తే కబురు తప్పు. ప్రభువు క్షేమంగా తిరిగొచ్చారు. తర్వాత ఆయన నిజంగా పోయినప్పుడు రాణి మళ్లీ దూకింది."

"రెండుసార్లా?" అంది మాణిక్యం.

"పతివ్రతలకి అడ్డేముందమ్మా."

"మొదటిసారి దూకాక బతికే ఉందా?"

"ప్రశ్నలు చివర్లో అడగాలి" అన్నాడు పరాంకుశం.

"మరి రాణి ఎలా ఉండేది నాయనా?" అంది కాటుకమ్మ వెనకనుంచి, ఎంతో భక్తిగా.

అదంటే జంబూనాథానికి నోరూరే విషయం. కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు. "ఏమని చెప్పను! నీలమేఘం లాంటి మేనిఛాయ. చెవులదాకా సాగిన కళ్లు. అడుగు తీసి అడుగేస్తే పొద్దు గడిచిపోయేంత మందగమనం. భూమికున్నంత ఓర్పు. ఎన్ని మాటలన్నా ఎదురుచెప్పని మౌనం. నిగనిగలాడే విశాలమైన వీపు. వీపంటే అలాంటిలాంటి వీపు కాదు. ఏడు జానలు!"

మాణిక్యం ఎందుకో వెనక్కి తిరిగి కాటుకమ్మ వైపు చూసింది. కాటుకమ్మ నెమరు వేస్తోంది.

అందరూ గుంట దగ్గరికి వచ్చారు.

"ఇదే ఆ స్నానవాటిక. రాణిగారి కోసం ప్రభువు స్వయంగా, ఒంటిచేత్తో, కత్తిమొనతో తవ్వారు. పొద్దుటా సాయంత్రం రాణిగారు ఇందులో జలకాలాడేవారు."

"నాదొక్క సందేహం నాయనా" అంది కాటుకమ్మ. "వీపెవరు తోమేవారు?"

జంబూనాథం ఆగిపోయాడు. ఇన్నాళ్ల టూర్లలో కత్తులెన్నని అడిగారు, గుర్రాలెన్నని అడిగారు. వీపు ఎవరూ అడగలేదు.

"అవునండీ" అంది మాణిక్యం. "ఏడు జానల వీపు. తన చెయ్యి తనకి అందదు కదా."

"దాసీలు" అన్నాడు జంబూనాథం.

"వాళ్ల పేర్లు?"

"పేర్లా? దాసీల పేర్లు చరిత్రలో..."

"తెలీదా?" అంది కాటుకమ్మ మెత్తగా.

గొర్రెలన్నీ ఒక్కసారి తలలెత్తి చూశాయి. ఆ మాట ఈ కోటలో ఇంతకుముందు ఎవరూ వినలేదు. జంబూనాథం తోక దానంతటదే నిక్కబొడుచుకుంది.

"తెలీకపోవడమేమిటి! మీరు తట్టుకోలేరని చెప్పలేదు. అంత పవిత్రమైన వీపుని దాసీల చేతికిస్తారా? ఆ సేవ మా వంశానిది! మా ముత్తాతకి ముత్తాత తోమాడు. ఆయన కొడుకు తోమాడు. తరతరాలుగా అది మా హక్కు!"

"ఎంత అదృష్టవంతుడివయ్యా!" అంది కాటుకమ్మ, కళ్లు ఇంకొంచెం పెద్దవి చేసి. "మరి ఇప్పుడా హక్కు ఎవరికుంది?"

"ఇంకెవరికి? నాకే!"

"పొరుగడవి నక్క ఎవరైనా వచ్చి నాదంటే?"

"ప్రాణమైనా ఇస్తాను గాని ఆ హక్కు ఇవ్వను!"

గొర్రెలు గిట్టలు నేలకేసి తాటించాయి. పరాంకుశానికి ఒళ్లు పులకరించింది. ముందుకొచ్చి జుట్టు సవరించుకున్నాడు. "జంబూనాథం గారూ, నలభై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని. నోటితో చెప్పింది చెవి దాటదు. చేసి చూపిస్తేనే బుర్రకెక్కుతుంది. ఒక్కసారి ఆ తోమే విధానం చూపించండి."

"చూపిద్దును, కానీ రాణిగారు లేరు కదా" అని నవ్వాడు జంబూనాథం, తప్పించుకున్నాననుకుని.

"నమూనా ఉంటే చాలండీ" అంది మాణిక్యం. "నీలమేఘం లాంటి రంగు అన్నారు. చెవులదాకా కళ్లన్నారు. మందగమనం అన్నారు."

అందరూ కాటుకమ్మ వైపు తిరిగారు.

"ఇదెలా కుదురుతుంది? కొమ్ములున్నాయి!" అన్నాడు జంబూనాథం.

"కిరీటం" అంది ఒక గొర్రె వెంటనే. మిగతావన్నీ "కిరీటం, కిరీటం" అన్నాయి.

పరాంకుశం కాటుకమ్మ వీపెక్కి మెడనుంచి తోకదాకా రెక్క చాచి కొలిచాడు. "సరిగ్గా ఏడు జానలు! చరిత్ర తప్పదు!"

"నాకెందుకు బాబూ, అంతటి మర్యాదకి తగను" అంది కాటుకమ్మ. "దిగరాదని పలక కూడా ఉంది."

తిప్పతీగని జంబూనాథమే స్వయంగా తియ్యాల్సొచ్చింది. కాటుకమ్మ ఒక్కొక్క అడుగే వేసుకుంటూ, నిజంగానే పొద్దు గడిచేంత నెమ్మదిగా దిగింది. నీళ్లు బీటల్లోకి ఇంకుతుంటే ఆమె విడిచిన ఊపిరికి గట్టున సీతాఫలం ఆకులు కదిలాయి. ఎవరో బీరపీచు తెచ్చిచ్చారు. జంబూనాథం మోకాలిలోతు బురదలో నిలబడి తోమడం మొదలుపెట్టాడు.

"కొంచెం ఎడమకి నాయనా. ఇంకా పైకి. ఆ, అక్కడ! మీ ముత్తాత కూడా ఇంత మెత్తగానే తోమేవాడా?"

"ఇంకా గట్టిగా తోమేవాడు" అన్నాడు జంబూనాథం. ఆ స్థితిలో కూడా తెలీదు అనలేకపోయాడు.

"అయితే గట్టిగా."

వారం తిరిగేసరికి ఆ కబురు నాలుగడవులు దాటింది. కత్తి నూరిన రాయిని ఎవరూ చూడటం లేదు. తుమ్మిన చోట మేకలు పడుకుంటున్నాయి. కుందేళ్లు, కొండముచ్చులు, ముళ్లపందులు అన్నీ 'వంశపారంపర్య వీపుసేవ' చూడటానికే వస్తున్నాయి. పొద్దున ఒక సేవ, సాయంత్రం ఒక సేవ. మధ్యలో జంబూనాథం చేతులు నాక్కుంటూ కూర్చుంటాడు. వాటికి బురద వాసన తప్ప వేరే వాసన లేదు. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. జంబూనాథం మాత్రం ఇంకొకరు తీసిన గోతిలో పడ్డాడు. ఎందుకంటే జన్మలో ఒక్క గొయ్యి కూడా అతను సొంతంగా తవ్వింది లేదు.

చివరికి ఒక సాయంత్రం బీరపీచు విసిరికొట్టాడు. "నావల్ల కాదు! రాణీ లేదు, మందారమాలా లేదు! అంతా నేను కల్పించిందే! ఈ గుంట ఈ గేదెది!"

గట్టుమీద పరాంకుశం లేచాడు. మెడ ఎర్రగా ఉబ్బింది. "ఏమన్నావ్? రెండుసార్లు దూకిన మహాతల్లి లేదంటావా? మా కళ్లముందే చరిత్రని వక్రీకరిస్తావా?"

"ప్రాణమిస్తానన్నావు కదా! ఇస్తావా, తోముతావా?" అన్నాయి గొర్రెలు, కొమ్ములు కిందికి దించి.

జంబూనాథం గొర్రెల్ని చూశాడు. బీరపీచుని చూశాడు. కాటుకమ్మని చూశాడు.

"తోము నాయనా" అంది కాటుకమ్మ కళ్లు మూసుకునే. "చరిత్రలో మాట్లాడేవాళ్లు వేరు, తోమేవాళ్లు వేరు."

జంబూనాథానికి తీరిక లేకపోవడంతో నెమలీక కర్ర ఇప్పుడు మాణిక్యం చేతిలో ఉంది. వెనకాల తిండిమూట మోసుకుంటూ పరాంకుశం నడుస్తుంటాడు. కొండ అంచు గోడ దగ్గర ఆమె తల వంచమనదు, "జారుతుంది, అంచుకి రాకండి" అంటుంది. ఎవరైనా తెలియనిదేదో అడిగితే, "తెలీదు, పదండి చూద్దాం" అంటుంది. మొదట్లో గొర్రెలు ఆ మాటకి హడలిపోయేవి, ఇప్పుడు అలవాటు పడుతున్నాయి.

కాబట్టి, ఏ కోట దగ్గర ఎవరు ఎంత గొప్ప కథ చెప్పినా వినండి గాని, వీపెవరు తోమారని అడక్కుండా మాత్రం ఇంటికి రాకండి.