రాళ్ళెయ్యని జాతర

ఊరందరి తెలివీ కలిపినా తమ ఇంటి తెలివికి చాలదని పోలమ్మ గట్టి నమ్మకం. కాకపోతే ఏమిటి? ఎక్కడికెళ్ళినా ఇల్లు మర్చిపోయి వెళ్ళే మనుషులకి తెలివెక్కడిది! తనూ, మొగుడు సన్యాసీ, మరిది గవరయ్యా అలా కాదు. ట్రాక్టరు ట్రాలీ మీద రేకుల గది కట్టుకుని, ఇంటితో సహా జాతరలు తిరిగి జీళ్ళు అమ్ముతారు.

ఆ రోజు అద్దె ట్రాక్టరు వాళ్ళ ఇంటిని జాతర మైదానంలో దించి వెళ్ళిపోయింది. తెల్లారితే జాతర. పోలమ్మ పొయ్యి మీద బెల్లం పాకం పెట్టింది. సన్యాసి తుమ్మాడు, ఇల్లు ఊగింది. గవరయ్య గోక్కున్నాడు, ఇల్లు ఊగింది. ఊగినప్పుడల్లా పాకం పొయ్యి పాలు. పాకం లేకపోతే జీళ్ళెక్కడివి? పోలమ్మకి ఏడుపొచ్చింది.

పక్కనే లారీ ఆపుకున్న డ్రైవరు అప్పలస్వామిని అడిగింది.

"సక్రాలకి రాళ్ళెయ్యండమ్మా, ఊగదు," అన్నాడతను.

ఇంకేముంది! బుట్టెడు రాళ్ళు ఏరుకొచ్చి, దూరంగా నిలబడి, గురి చూసి చక్రాలకి వేశారు. ఒక రాయి ఎగిరి లారీ దీపం పగలగొట్టింది.

"ఇంకా ఊగతంది బాబూ. పెద్దరాళ్ళు ఎయ్యాలేటి?" అంది పోలమ్మ.

"వద్దు తల్లీ, వద్దు! నాలుగు మూలలా కాళ్ళుంటాయి గదా, అవి కిందకి దించండి, అంతే!"

అంతే. ముగ్గురూ గుమ్మంలో వరసగా కూర్చుని కాళ్ళు కిందకి దించారు. బరువంతా ఒకవైపే పడి ఇల్లు వంగింది. పాకం గిన్నె దొర్లుకుంటూ మైదానంలో పడింది.

"నా కాళ్ళు పొట్టివి వదినా. నేలకి అందనేదు, అందుకే," అన్నాడు గవరయ్య సిగ్గుపడుతూ.

"కదలని దానికి కట్టేసుకోండి! నన్నొగ్గీండి!" అని డ్రైవరు లారీలో దూరి తలుపేసుకున్నాడు.

సన్యాసి చుట్టూ చూశాడు. "వచ్చిన కాడ్నుంచి సూత్తన్నాను, ఈ లారీ ఇసుమంత కదల్నేదే."

గొలుసు తెచ్చి ఇంటిని లారీకి బిగించారు. ఊగడం నిజంగానే తగ్గింది! పోలమ్మ మళ్ళీ పాకం పట్టింది. తెల్లారేసరికి రెండు బుట్టల నిండా జీళ్ళు. ఆవిడ ఆనందం ఇంతా అంతా కాదు.

పొద్దున్నే జనం రావడం మొదలైంది. మళ్ళీ ఏమడుగుతారోనని డ్రైవరు వెనక్కైనా చూడకుండా లారీ తీశాడు. పోలమ్మ గుమ్మంలోంచి చూస్తే, దుకాణాలూ, రంగులరాట్నం, జనం, అన్నీ వెనక్కి పోతున్నాయి.

"ఓలమ్మో! ఒక్క జీడైనా అమ్మకుండానే జాతర ఎల్లిపోతందయ్యా!"

"మనిల్లు కట్టేసుకున్నాం, కదల్దు. పాపం, జాతరోళ్ళే రాళ్ళేసుకోనేదు," అన్నాడు సన్యాసి.

"మరి సూత్తావేటి? మనమే ఎయ్యాల!"

రాళ్ళ బుట్ట కిందే ఉండిపోయింది, అదీ జాతరతో పోతోంది. అంతే, పోలమ్మ జీళ్ళ బుట్ట అందుకుంది. గురి చూసి గుప్పెళ్ళతో జాతర మీదకి విసిరింది. జనం ఏరుకుని నోట్లో వేసుకుంటూ ఇంటి వెనకాలే పరుగందుకున్నారు.

గవరయ్య చప్పట్లు కొట్టాడు. "పన్జేసింది వదినా! జాతర మనకాసే తిరిగొత్తంది! ఆ రెండో బుట్ట కూడా ఎయ్యి!"