వెంట నడిచే ఊళ్ళు

మణిగిరి రాజ్యానికి కొత్తగా రాజైన విజయపాలుడికి దేశం తిరిగి చూడాలనిపించింది. కొండదారిన వెళ్ళాలా, ఏటిదారిన వెళ్ళాలా అని అడిగితే మంత్రి దండపాణి, "ఏటిదారే ప్రభూ! నేను దగ్గరుండి అన్నీ చూపిస్తాను" అన్నాడు.

మూడు రోజుల్లో మూడు ఊళ్ళు వచ్చాయి. ప్రతి ఊళ్ళోనూ కోలాటం, బలిసిన ఆవులు, హారతులు. రాజు మురిసిపోయాడు. పల్లకీ మోసే బోయీ గురవప్ప మాత్రం ఒకటి కనిపెట్టాడు. మొదటి ఊళ్ళో హారతిచ్చిన ముసలమ్మే మూడో ఊళ్ళోనూ ఇచ్చింది. ఆమె కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. నోరు విప్పితే మంత్రి తల తీయిస్తాడని తెలిసినా, ఆ కాళ్ళు చూశాక గురవప్ప ఊరుకోలేకపోయాడు.

మర్నాడు దారి మధ్యలో పల్లకీ దింపించాడు.

"అలసిపోయావా?" అన్నాడు రాజు.

"లేదు మారాజా. తమరిక్కడే కూర్చోండి. ఆ కోలాటం, ఆ ఆవులు, ఆ ముసలమ్మ ఎలాగూ మన వెంటే తిరుగుతున్నారు. ఇక్కడికే పిలిస్తే మనకన్నా ముందు పరుగెత్తే బాధ వాళ్ళకు తప్పుతుంది."

"వీడికి ఎండదెబ్బ తగిలింది ప్రభూ!" అన్నాడు మంత్రి కంగారుగా.

రాజు ముందున్న ఊరికి భటుణ్ణి పంపాడు. ఊరివాళ్ళను గుడిసెల్లో పెట్టి తలుపులు మూశారని అతను వచ్చి చెప్పాడు. వీధిలో ఆ ముసలమ్మ హారతిపళ్ళెం తుడుచుకుంటోందట.

"మరి నాకు దేశం చూపించేదెవరు?" అన్నాడు రాజు.

"ఒకరు చూపిస్తే వాళ్ళు చూపించిందే కనబడుతుంది మారాజా. దిగి నడవండి."

రాజు ఆ ఊరికి నడిచాడు. పల్లకీలో ముసలమ్మను కూర్చోబెట్టారు. రాజు ఆజ్ఞతో ఒక పక్క మంత్రి పల్లకీకి భుజం పట్టాడు.

"మెల్లగా నాయనా, కుదిపేస్తున్నావు!" అంది ముసలమ్మ.